ఎడమ చెయ్యి ఎత్తితే చాలు

పోయిన వారం మనం అక్కను పళ్ళ ఆస్పత్రి మెట్ల మీద వదిలి వచ్చాం. చదవనివారికీ, చదివి మరిచిపోయినవారికీ నాలుగు మాటలు. అక్కకు అరవై ఆరేళ్లు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె కుట్టుపని అక్క. తల్లి పోయిననాటికి నలభై రోజుల పసిగుడ్డుగా ఉన్న చెల్లెల్ని పద్నాలుగేళ్ల వయసులో చంకనేసుకుంది, ఇంకా దించలేదు. ఆ చెల్లెలికి ఇప్పుడు యాభై రెండు దాటాయి, అయినా పిలుపు పాపాయే. ఇద్దరూ మేడ మీద రెండు గదుల్లో ఉంటూ, ముందుగదిలో బట్టలు కుడతారు. మూడు వారాల కిందట, ఇరవై ఆరేళ్ల తర్వాత, గుండీలాయన మళ్లీ ఆ మెట్లెక్కాడు. ఒకప్పుడు రెండు నెలలకోసారి అట్టముక్కలకు గుండీలు కుట్టుకుని దుకాణం దుకాణం తిరిగినవాడు. ఇప్పుడు వేరే ఊళ్లో సొంత కొట్టు ఉంది, భార్య పోయి నాలుగేళ్లయింది. అలవాటుకొద్దీ ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. అలవాటుకొద్దీ అక్క ఒక ముత్యపుచిప్ప గుండీని దవడపంటి కింద పెట్టి కొరికింది, అసలుదో నకిలీదో తేల్చడానికి. గుండీ అసలుదే. పన్నే విరిగింది.

ఆ పంటికి వైద్యం చేయించడానికి ఈ మధ్యాహ్నం పాపాయి అక్కను తీసుకొచ్చింది. మెట్ల మీద అక్క తన కళ్ళజోడు కోసం చెల్లెలి సంచీలో చెయ్యి పెట్టింది. కళ్ళజోడు పెట్టె కింద బస్సు టికెట్టు కనబడింది. ఈరోజుదే. సాయంత్రం ఐదు గంటలది. గుండీలాయన ఊరికి. అక్క ఏమీ అడగలేదు. కళ్ళజోడు తగిలించుకుని మిగతా మెట్లెక్కింది.

అడక్కపోవడానికి ఆమెకు ఒక ధీమా ఉంది. కిందింట్లో ఇస్త్రీ చేసే ఆమెకు కిందటేడు ఇదే వైద్యం జరిగింది. మూడు గురువారాలు తిరిగింది. మొదటి గురువారం పన్ను తెరిచి మందు పెట్టారు, రెండో గురువారం మందు మార్చారు, మూడో గురువారం పూడ్చారు. ఆ మూడు వారాలూ ఆవిడ మంచం దిగకుండా మూలుగుతూ ఇంటిల్లిపాదినీ తన చుట్టూ నిలబెట్టుకుంది. అక్క ఆ కబురు విన్నప్పుడు నవ్వింది గానీ, ఇప్పుడది ప్రాణానికి పట్టే గొడుగులా కనబడింది. తెరిచిన పంటితో తనను వదిలేసి పాపాయి వెళ్లదు. వెళ్లలేదు. జ్వరం వచ్చినప్పుడు వారం రోజులు కంటిరెప్ప వెయ్యని పిల్ల అది. మూడు గురువారాలు చేతిలో ఉంటే టికెట్టుదేముంది, చింపేస్తే రెండు ముక్కలు.

గదిలో పొడుగాటి కుర్చీ ఒకటి, దాని మీద వంచిన దీపం ఒకటి. కుర్చీలో వెనక్కి వాలితే పైకప్పుకు అంటించిన సముద్రం బొమ్మ కనబడుతుంది, రోగులు భయపడకుండా ఉండడానికి కాబోలు. ఎదురుగోడకు గడియారం. రెండూ పది. పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుది, మాట మెత్తన. అక్క నోట్లో అద్దం పెట్టి ముందు ముందుపళ్ళనే చూసింది. పైపంటి అంచున దారమంత సన్నని గాడి ఉంది. యాభై ఏళ్లుగా దారం తెంపిన చోటు. మీ ఇంట్లో కత్తెర లేదా అమ్మా అని అడిగింది. ఉంది, దాన్ని పాపాయి ఎక్కడ పెడుతుందో పాపాయికే తెలియదు అని అక్క చెప్పింది. డాక్టరమ్మా, పక్కన పరికరాలు అందించే నర్సమ్మా నవ్వారు. పాపాయి నవ్వలేదు.

ఆనాడు అక్క పూర్తిగా పలికిన చివరి వాక్యం అదే.

డాక్టరమ్మ ఎక్స్‌రే బొమ్మను దీపానికెదురుగా పట్టుకుంది. పంటి వేళ్ళ దగ్గర చీము లేదు, వాపు లేదు, పన్ను నిలువునా చీలలేదు, అదృష్టం అంది. ఈ పంటిలో మూడు సన్నటి దారులుంటాయి, వాటిలోని నరాన్ని తీసి, కడిగి, ఆరబెట్టి, పూడ్చేయడమే పని అంది. ఆ తర్వాత ఆమె అన్న మాటకు అక్క కుర్చీ చేతులను పట్టుకుంది.

"మీ చెల్లెలు అడిగినట్టే, ఒకే సిట్టింగులో ముగించేద్దాం అమ్మా. రెండు గంటలు ఓపిక పడితే చాలు, మళ్లీ మళ్లీ తిరిగే పనుండదు."

అక్క పాపాయి వైపు చూసింది. పాపాయి తన చేతిసంచీ జిప్పును చూస్తోంది.

అందరికీ ఇలా కుదురుతుందా అని అక్క గొంతు తగ్గించి అడగబోయింది. అప్పటికే సూది చిగుళ్లలోకి దిగింది. మాట మధ్యలో ఆగిపోయింది. డాక్టరమ్మే దానికి జవాబు చెప్పింది: కుదరని సందర్భం ఒకటుంది. కడిగిన తర్వాత దారులు పూర్తిగా ఆరాలి. లోపల తడి ఊరుతూనే ఉంటే పూడ్చకూడదు. అప్పుడు మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, వారం తర్వాత రమ్మంటాను.

తడి. అక్క ఆ ఒక్క మాటను పట్టుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

పెదవి బరువెక్కింది. నాలుక సగం తనది కాకుండా పోయింది. నర్సమ్మ ఒక పచ్చని రబ్బరు పొర తెచ్చింది. దాని నడుమ చిన్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఆ ఒక్క పన్ను మాత్రం బయటికి వచ్చేటట్టు తొడిగి, పంటి మొదట్లో ఉంగరంలాంటి క్లిప్పు బిగించి, పొర నాలుగు అంచులనూ చట్రానికి తగిలించింది. ఎంబ్రాయిడరీ చట్రానికి గుడ్డ బిగించినట్టు. యాభై ఏళ్లు అక్క ఆ పని గుడ్డలకు చేసింది. ఇప్పుడు తన నోటికి చేశారు. నోరు తెరిచే ఉంది, దాని మీద తలుపు వేసి ఉంది.

డాక్టరమ్మ ఆమె ఎడమ చేతిని తీసి పొట్ట మీద పెట్టింది. మీరు మాట్లాడలేరు, తల కదపకూడదు, నొప్పి అనిపిస్తే ఈ ఎడమ చెయ్యి ఎత్తితే చాలు, ఆగిపోతాను అని చెప్పింది. అక్క కళ్ళతో సరేనంది.

పాపాయికి కుడివైపు ఒక పొట్టి స్టూలు వేశారు. చెల్లెలు చెయ్యి పట్టుకోకపోతే కూర్చోనని అక్క ముందే మొండికేసింది కాబట్టి. ఆ మొండితనానికి ఆమె తర్వాత చాలాసేపు చింతించింది.

పన్ను తొలిచే మర చిమ్మిన నీళ్లను గొట్టం గరగరమని పీలుస్తోంది. ఆ చప్పుడు మొదలయ్యాక పాపాయి అక్క చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, ఇప్పుడు చెప్తే నువ్వు మధ్యలో అందుకోలేవు. అందుకే ఇప్పుడు చెప్తున్నా."

గొంతులో కోపం లేదు. అందుకే అక్కకు భయం వేసింది. కోపమైతే దానికి మందుంది. ఒక అరుపు, ఒక ఏడుపు, ఆ తర్వాత ఇద్దరికీ వేడిగా ఏదో ఒకటి తాగడానికి. అలా ఎన్ని కోపాలు దాటలేదు.

తాను ఐదింటి బస్సుకు వెళ్తున్నానని పాపాయి చెప్పింది. టికెట్టు అక్క చూసిందని కూడా తనకు తెలుసంది, కళ్ళజోడు పెట్టె తలకిందులుగా తిరిగి వచ్చింది కాబట్టి. సోమవారం రిజిస్ట్రారు దగ్గర సంతకాలు. బట్టల పెట్టె కత్తిరింపుల బల్ల కింద, పాత గుడ్డల మూట వెనక, నాలుగు రోజులుగా ఉంది. అక్క రోజూ ఆ బల్ల దగ్గరే నిలబడింది, కాలికి తగల్లేదంతే.

"నొప్పితో నిన్ను వదిలి వెళ్లలేను. అలాగని ఈ పన్ను చూసుకుంటూ ఇంకో నెల ఉంటే ఇక ఎప్పటికీ వెళ్లను, నా సంగతి నాకు తెలుసు. నీ జ్వరం, మన మిషను మరమ్మతు, వానాకాలం, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అందుకే ఈ డాక్టరమ్మని బతిమాలుకున్నా. వెళ్లేముందు నీ నొప్పి ఒక్కటైనా నా కళ్ళ ముందు పూర్తిగా అయిపోవాలి."

సముద్రం బొమ్మలో ఒక పడవ ఉంది. అది ఒడ్డుకు వస్తోందో ఒడ్డు వదిలి పోతోందో తెలియడం లేదు. అక్క దాన్నే చూస్తోంది.

డాక్టరమ్మ ఇప్పుడు సన్నటి సూదులు తీసింది. వెంట్రుకంత సన్నం, పైన రంగురంగుల తలలు, గుండుసూదుల్లాగే. ఒక సూదిని పంటిలోకి దింపుతుంటే చిన్న యంత్రం ఒకటి కీచుకీచుమంది. వేరు చివర తగిలిందన్నమాట. డాక్టరమ్మ కొలత పలికింది, నర్సమ్మ రాసుకుంది. పంతొమ్మిదిన్నర. ఇరవై. ఇరవై ఒకటి. ఆ పలకడమూ ఆ రాయడమూ అక్కకు తన దుకాణమే. టేపు పట్టుకుని తను పలుకుతుంది, పాపాయి పుస్తకంలో రాస్తుంది, ముప్ఫై ఏళ్లకు పైగా. రేపటినుంచి తను పలికితే గోడ రాయాలి.

తన వంతు కొలతలు అయిపోయాయనుకుంది అక్క. అసలు మాట ఇంకా రాలేదు.

"నేను నవ్వానని చెప్పావట," అంది పాపాయి.

గొట్టం గరగరమని నీళ్లు పీల్చింది.

"ఆయనేం నీ మీద నేరం మోపుతూ చెప్పలేదు. మాటల్లో దొర్లింది. ఆ రోజుల్లో నన్ను చేసుకుంటానని నిన్ను అడిగాడట కదా. నువ్వు కనుక్కుని చెప్తానన్నావట. తర్వాతి సారి వచ్చినప్పుడు, పాపాయికి చెప్పాను, గుండీలమ్ముకునేవాడా అని పడీపడీ నవ్వింది, అన్నావట. నాకు ఈ సంగతే తెలీదు అక్కా. ఆయన రావడం మానేస్తే, తిరిగే లైను మారిందేమో అనుకున్నా."

అక్క కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే హక్కు ఒక్కటే మిగిలింది ఆమెకు.

పాపాయి ఆగలేదు. తాను నవ్వలేదని ఆయనకు చెప్పిందట. పోనీలెండి పాత మాట అన్నాడట. ఆ అనడంలోనే తెలిసిందట, నమ్మలేదని. ఇరవై ఆరేళ్లు మోసిన మాటను ఒక్క పూటలో దించమంటే ఎవరు దించుతారు. తన మనసు నొచ్చకూడదని ఆమె అబద్ధమాడుతోందని అనుకున్నాడు. ఇప్పుడు ఆమె ఏ చిన్న మాటకు నవ్వినా, ఆయన తను చెప్పేది ఆపేసి, ఆమె ముఖం వంక ఒక్క క్షణం చూస్తాడట.

"అందుకని ఆయన ముందు నేను నవ్వడం మానేశా. మూడు వారాలుగా. ఇంకెన్నాళ్లు బతుకుతామో, అన్నాళ్లూ అలా ఉండలేను కదా." పాపాయి అక్క కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు. నాకు నువ్వు ఒక్కటే చెయ్యాలి. ఆయన నాకోసం బస్టాండులో ఉంటాడు, నాతో రా. ఆయనకి నీ నోటితో చెప్పు. నేను చెప్తే నమ్మడు, నువ్వు చెప్తే నమ్ముతాడు. ముందు నాకు చెప్పు. నేను నవ్వానా, అక్కా?"

తల కదపకూడదు. మాట రాదు. అక్క శరీరంలో ఆ గదిలోని వాళ్లకు అర్థమయ్యేది ఒక్కటే ఉంది. ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది.

ఆగమని ఎత్తింది. ఈ పొర తియ్యండి, ఈ ఉంగరం తియ్యండి, ఒక్క మాట చెప్పి మళ్లీ పడుకుంటాను అని ఎత్తింది. డాక్టరమ్మ వెంటనే ఆగింది, మాట తప్పని పిల్ల. నొప్పి వస్తోందా అమ్మా అంది. కంటి చివరనుంచి చెవిలోకి జారుతున్న నీటిబొట్టును చూసి, అయ్యో, చెప్పరేం ముందే, మూడో దారిలో నరం ఇంకా ప్రాణంతో ఉన్నట్టుంది అంది. నర్సమ్మ ఇంకో సూది సిద్ధం చేసింది. అక్క చేతిని దించలేదు, ఇంకా పైకెత్తింది. చాలా నొప్పి అన్నమాట, అంది డాక్టరమ్మ, మరికాస్త మందు ఎక్కించింది.

ఇది ఎంతసేపు ఉంటుందని పాపాయి అడిగింది.

మొద్దుబారడం ఏడు దాకా ఉంటుంది, అంతవరకు వేడివి తాగనివ్వకండి, బుగ్గ కొరుక్కుంటారు అని డాక్టరమ్మ చెప్పింది. మాటో అని పాపాయి అడిగింది. మాట వస్తుంది గానీ ముద్దముద్దగా వస్తుంది, ఇంట్లోవాళ్లకే అర్థం కాదు, మూడు నాలుగు గంటలు ఆవిడ మాట్లాడకపోతే మీకూ విశ్రాంతి కదా అని హాస్యమాడింది.

గడియారం మూడూ పది చూపించింది.

ఎందుకెత్తావు చెయ్యి, అని పాపాయి మెల్లగా అంది. స్టూలు మీద వెనక్కి జరిగి కూర్చుంది, చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాతి అరగంట అక్కకు మొక్కుకుంటూనే గడిచింది. బట్టలు తెల్లబరిచే మందులాంటి వాసన వేసే నీళ్లతో దారులు కడిగారు. కడుగుతుంటే ఆమె లోలోపల ఒకటే కోరుకుంది, తడి ఊరనీ, ఆరకుండా పోనీ. వారం తర్వాత రమ్మననీ. ఆ వారంలో నాలుక తిరుగుతుంది, అన్నీ చెప్పుకోవచ్చు. ఒక కాలు విరిగినా సరే, ఒక పన్ను కుళ్లినా సరే, ఇంకో వారం. విడిపోవడాన్ని ఆమె ఎప్పుడూ ఇలాగే ఎదుర్కొంది, బాగా ఉతకని గుడ్డను మళ్లీ నానబెట్టినట్టు, రేపటికి వేస్తూ వేస్తూ.

డాక్టరమ్మ కుట్టుసూదిలాంటి సన్నని కాగితపు పుల్లను పట్టకారుతో దింపి, పైకి తీసి, దీపం కింద చూసింది. కొస తడిసి ఉంది. అక్క ఊపిరి బిగపట్టింది. రెండో పుల్ల. కొసన చుక్కంత తడి. మూడో పుల్ల.

"పొడిగా ఉంది," అంది డాక్టరమ్మ. "ఇక పూడ్చేద్దాం."

గులాబీరంగు సన్నటి కడ్డీలు వేడి చేసి మూడు దారుల్లోకీ దించారు. పైన సిమెంటు పెట్టి నీలి వెలుగు పట్టారు. క్లిప్పు ఊడింది, పొర వచ్చింది. నాలుగు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. పనైపోయింది, ఇక ఆ పన్ను మిమ్మల్ని ఏడిపించదు, ప్రాణం లేదు కదా అని డాక్టరమ్మ చెప్పింది. పైతొడుగు వేయించుకోవడానికి పదిహేను రోజుల తర్వాత ఒకసారి రావాలంది. దానికి ఇస్త్రీ ఆవిడతో మాట్లాడాను, తోడు వస్తుంది అని పాపాయి చెప్పింది. అన్నీ మాట్లాడి ఉంచింది.

కుర్చీ లేపగానే అక్క నోరు విప్పింది. ఒక చప్పుడు వచ్చింది. దాన్ని మాట అనడానికి లేదు. నర్సమ్మ తొందరపడకండి అంటూ చొంగ తుడిచింది. అక్క ఆమె జేబులోని కలం చూపించింది. మందుల చీటీ వెనక వైపు తెల్లగా ఉంది.

అక్కకు చదవడం వచ్చు. ఎవరూ నేర్పలేదు. జాకెట్ల అచ్చులు కత్తిరించడానికి తెచ్చిన పాత వారపత్రికల మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుంది. చాలా కథలు చంక వంపు దగ్గర తెగిపోయేవి, మిగతాది తనే ఊహించుకునేది. రాయడం మాత్రం పట్టుబడలేదు. రాసేది పాపాయి పని. అక్కకు చేతనైనవి అంకెలే. ఆమె కలం పట్టుకుని ఒకదాని కింద ఒకటి అయిదు అంకెలు వేసింది.

ముప్ఫై రెండు. ఇరవై ఆరు. పదమూడు. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

పాపాయి తీసుకుని చదివింది. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, పొడవు. వాళ్ల పుస్తకంలో వరస ఎప్పుడూ అదే. ఎవరివి ఇవి అంది. అక్క వేలు ఎత్తి చెల్లెలి గుండెకు తగిలించింది. నావి కావు, నా నడుము ఇరవై ఆరు ఎప్పుడుంది అని పాపాయి అనబోయి, ఆగింది. ఎప్పుడో ఉంది. ఒకప్పుడు ఉంది.

అక్క నడుము దగ్గర పిన్నీసుకు తగిలించుకున్న తాళంచెవి తీసింది. ట్రంకుపెట్టెది. ఆ పెట్టెలో ఇంటి కాగితాలు తప్ప ఏమీ లేవని పాపాయి చిన్నప్పటినుంచీ వింటూ వచ్చింది. ఆ తాళంచెవిని అక్క చెల్లెలి అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ మూసింది.

ఇంటికి పన్నెండు నిమిషాల నడక. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరికి మాట రాదు, ఒకరికి మనసు రాదు. అక్క పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఆమెకు కావలసింది ఒక్క మాట. నవ్వలేదు. నాలుగే అక్షరాలు. మొదటి అక్షరానికి నాలుక పళ్ళ వెనక తగలాలి, నాలుక ఎక్కడుందో తెలియడం లేదు. రెండో అక్షరానికి పెదవి పంటికి తగలాలి, పెదవి ఎవరిదో తెలియడం లేదు. ఒక దుకాణం అద్దంలో పక్కకు లాగినట్టున్న ముఖం ఒకటి కనబడితే ఎవరో పాపం అనుకుని, రెండడుగులు వేశాక అది తనే అని గ్రహించింది.

మెట్లెక్కి లోపలికి రాగానే పాపాయి తిన్నగా వెనకగదిలోకి వెళ్లింది. పక్క మేడ వాళ్ల నీళ్ల మోటారు హోరుమంటోంది. ఆ హోరులోనే ట్రంకుపెట్టె మూత కిర్రుమనడం అక్కకు వినబడింది. ఆమె ముందుగదిలో, కొలతల అద్దం పక్కన నిలబడిపోయింది. ఆ గదిలోకి వెళ్లి చెల్లెలి ముఖం చూసే ధైర్యం లేదు.

పెట్టెలో ఏముందో ఆమెకు తెలుసు. లేత గోధుమరంగు పట్టుగుడ్డ, పొడుగు చేతుల జాకెట్టు. గుండీలాయన అడిగి వెళ్లిన వారంలో, పాపాయి గుడ్డలు ఇవ్వడానికో దారపుకండెలు తేవడానికో బయటికి వెళ్లినప్పుడల్లా దొంగచాటుగా కుట్టింది. చెల్లెలి పెళ్లికని కుట్టింది. ఎవరికీ అంత శ్రద్ధగా కుట్టలేదు. ఆయన పాపాయికివ్వమని వదిలి వెళ్లిన పన్నెండు ముత్యపుచిప్ప గుండీలూ, ఒక్కొక్కటీ కొరికి చూసి మరీ, ఎడమ అంచుకు వరసగా కుట్టింది. ఇక కుడి అంచుకు కాజాలు కొయ్యాలి. కాజాలు కోసే సన్నని కత్తి, అలుగు, పట్టుకుని కూర్చుంది. కాజా కోస్తే గుండీ పడుతుంది. గుండీలు పెట్టుకుంటే పిల్ల తయారవుతుంది. తయారైన పిల్ల మెట్లు దిగుతుంది. ఆ రోజు అలుగు పక్కన పెట్టింది. రేపు కోద్దామనుకుంది. రెండు నెలలు రేపు రేపనుకుంటూ ఉండగానే ఆయన మెట్లెక్కి వచ్చి నిలబడ్డాడు, ఏమందండీ అని అడిగాడు. ఆమె నోటికి ఏది అందితే అది అంది.

నోటి మాట అంత తేలిగ్గా వచ్చిన రోజు అది.

అక్క తలెత్తింది. మెట్ల మీద అడుగులు. ఆ ఇంటి మెట్లు పద్దెనిమిది. ఎవరెక్కుతున్నారో చూడకుండా చెప్పగలదు ఆమె. ఇస్త్రీ ఆవిడ రొప్పుతుంది. పాల మనిషి రెండేసి మెట్లు దూకుతాడు. ఈ అడుగు పదో మెట్టు మీద ఆగింది, సంచీ చెయ్యి మార్చుకోవడానికి ఆగినట్టు. చేతిలో సంచీ లేకపోయినా ఆ అలవాటు పోలేదు ఆయనకు.

గుండీలాయన గడప అవతలే నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, తడిపి దువ్విన జుట్టు. బస్టాండులో కూర్చోలేకపోయాననీ, పెట్టె బరువుగా ఉంటుందేమో మోయడానికి వచ్చాననీ, పన్ను బాగైందా అక్కగారూ అనీ అడిగాడు. అడిగి ఆమె జవాబు కోసం చూశాడు.

గోడ గడియారం నాలుగూ ఇరవై. ఇక ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. చెప్పవలసిన మనిషే నడిచి వచ్చి గడపలో నిలబడ్డాడు. చెప్పవలసిన మాట నాలుగక్షరాలు. అక్క ఊపిరి తీసుకుంది. నోరు తెరిచి, ఉన్న బలమంతా కూడదీసుకుని పలికింది.

గురకలాంటి, కిచకిచలాంటి ఏదో చప్పుడు గొంతులోంచి ఎగదన్నుకుని వచ్చింది. ఎడమ సగం కదల్లేదు. ప్రాణం ఉన్న కుడి సగం మాత్రం, రెండు సగాల పనీ తనే చేయబోయి, చెంపదాకా పైకి లాగింది. పక్కనే ఉన్న కొలతల అద్దంలో ఆమెకు తన ముఖం కనబడింది. ఒక ముసలావిడ పళ్ళన్నీ బయటపెట్టి, పక్కకు నోరు వంచి, ఆపుకోలేక నవ్వుతోంది.

ఆయనకు కనబడిందీ అదే.

అక్క ఇంకోసారి ప్రయత్నించింది. చప్పుడు ఇంకా పెద్దదైంది. నవ్వు కూడా.

గుండీలాయన ముఖంలో కోపం రాలేదు. ఎప్పుడో తెలిసిన చిరునామాకే మళ్లీ వచ్చినవాడిలా తల దించుకున్నాడు.

"అప్పుడావిడ, ఇప్పుడు మీరు," అన్నాడు. "పర్వాలేదు అక్కగారూ. ఈ వయసులో ఇలా తయారై వచ్చాను, నవ్వొచ్చే సంగతే."

ఆయన వెనక్కి తిరిగాడు. అక్క ఎడమ చెయ్యి ఎత్తింది. ఈ మధ్యాహ్నం ఆమెకు నేర్పింది అదొక్కటే. ఎత్తితే ఆగుతారు అన్నారు. మూడో మెట్టు మీద ఆయన తిరిగి చూశాడు. నవ్వు ముఖం, ఎత్తిన చెయ్యి. వీడ్కోలు చెబుతోందనుకున్నాడు. మర్యాద తెలిసినవాడు, తనూ చెయ్యెత్తి, దించి, మెల్లగా దిగిపోసాగాడు.

నీళ్ల మోటారు ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. మెట్ల మీద అడుగులు లెక్కపెట్టేంత స్పష్టంగా వినబడుతున్నాయి. ఏడు. ఎనిమిది.

పాపాయి వెనకగది గుమ్మంలోకి వచ్చింది. చేతుల మీద జాకెట్టు పరిచి ఉంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు. ఎడమ అంచున పన్నెండు గుండీలు పాలరంగులో మెరుస్తున్నాయి. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ మూడు వారాలుగా లేనిది ఏదో ముఖం మీదికి వచ్చింది, కొంచెం ఉంటే నవ్వయ్యేది.

"పన్నెండూ కుట్టావు. ఒక్క కాజా కోసే ధైర్యం లేకపోయిందా నీకు," అంది.

తొమ్మిది. పదో మెట్టు దగ్గర అడుగు ఆగింది. సంచీ చెయ్యి మార్చుకోవడానికి కాబోలు, లేని సంచీ.

పాపాయి తలెత్తి వాకిలి వైపు చూసింది. ఎండ తప్ప ఏమీ కనబడలేదు.

"అక్కా, ఎవరైనా వచ్చారా?"

ఈ రోజంతా మాట కావలసి వచ్చినచోటల్లా అక్కకు మాట లేకపోయింది. ఈ ప్రశ్నకు మాట అక్కర్లేదు. తల అడ్డంగా ఒక్కసారి ఊపితే చాలు. ఆయన వెళ్లిపోతాడు, బస్సు ఐదింటికి వెళ్లిపోతుంది. నిలువుగా ఊపితే పాపాయి పరుగున మెట్లు దిగుతుంది.

పదకొండు. పన్నెండు.

అక్క ప్రాణం ఉన్న సగం ముఖాన్ని చెల్లెలి వైపు తిప్పింది.